మ్యాటు లోపల ఏం పెట్టారని అడిగినవాళ్ళకు

ఉగాది రోజు మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళలో ముగ్గురు నలుగురు టేబులు మీద కంచాల కింద వేసిన గుడ్డ మ్యాట్లు తిప్పి తిప్పి చూశారు. ఎక్కడ కొన్నారని ఒకరు, ఇంత పలచగా ఉంది లోపల ఏం పెట్టారని ఇంకొకరు అడిగారు. వడ్డనల హడావిడిలో "ఇంట్లోనే కుట్టాం" అని మాత్రం చెప్పి ఊరుకున్నాం. లోపల ఏం పెట్టామో చెప్పాలంటే కథ పొడుగు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. మేమంటే మాస్తిలో ఒకే ఇంట్లో కాపురం ఉండే తోడికోడళ్ళం ఇద్దరం. ఒకరు చెబుతుంటే ఒకరు ఫోనులో కొడుతున్నాం. ఏ మాట ఎవరిదని వెతక్కండి.

మా మామ మాలూరు పెంకుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. బట్టీలోంచి పెంకులు ఇంకా వేడి ఆరకముందే తీసి పేర్చిన చేతులు అవి. మేము కోడళ్ళుగా వచ్చిన కొత్తలో పొయ్యి మీది సంగటి తపేలాని గుడ్డ లేకుండా దించేస్తుంటే నోరు తెరుచుకుని చూసేవాళ్ళం. అత్తమ్మ మాత్రం "ఆయన చేతులకి చర్మం కాదు, పెంకే ఉండాది" అనేవారు.

అత్తమ్మ పోయి మూడేళ్ళు. మామకి షుగరు ఇరవై ఏళ్ళ నుంచీ ఉంది. పోయిన ఏడాది మోకాళ్ళు బాగా పట్టేసి కింద కూర్చుని తినడం కుదరలేదు. సన్మైకా అతికించిన టేబులు ఒకటి చేయించాం. మొదటి రోజే తెలిసింది, ఆ నున్నటి టేబులు మీద స్టీలు కంచం నిలవదని. సంగటి ముద్దని తుంచబోతే కంచం ముందుకు పోతుంది. కింద కూర్చున్నప్పుడు నేల గరుకు, కంచం ఎక్కడికీ పోయేది కాదు. "ఏమ్మా, ఈ కంచం నాకంటే జోరుగా నడస్తా ఉంది" అని మామ నవ్వారు, మేమూ నవ్వాం.

కానీ ఆయన ఎడమ చేత్తో కంచం అంచుని అదిమి పట్టుకుని తినడం మొదలుపెట్టారు. అప్పుడే పోసిన బస్సారు, పొగలు కక్కే ముద్ద. స్టీలు ఎంత కాలుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఒక రాత్రి చెయ్యి కడుగుతుంటే చూశాం, బొటనవేలి కింద మెత్తటి చోట రూపాయి బిళ్ళంత బొబ్బ. "ఎప్పుడైంది మామా" అంటే ఆయనకే తెలియదు. నొప్పి తెలియలేదు. షుగరు ఏళ్ళ తరబడి ఉంటే నరాలు మొద్దుబారతాయని, ముందు పాదాల్లో, తరవాత చేతుల్లో స్పర్శ తగ్గుతుందని డాక్టరు చెప్పాడు. అది మానడానికి నెల పట్టింది. ఆ నెలంతా మామ సరిగా తినలేదు. ఆకలి లేదనేవారు. అన్నం కలిపి పెడతామంటే ఒప్పుకోలేదు, స్పూను ఇస్తే పక్కన పెట్టారు. కోడళ్ళ చేత తినిపించుకోవడం కంటే పస్తు నయమనుకునే మనిషి.

కాబట్టి మాకు కావలసింది టేబులుకి అందం కాదు. కంచం కదలకూడదు, అంతే. అది కదలకపోతే ఎడమ చెయ్యి కంచం జోలికి పోదు. మిగతావి దాని తరవాత: రోజూ ఉతకాలి, రాత్రి ఉతికితే పొద్దునకి ఆరాలి, గ్లాసు పెడితే ఒరగకూడదు.

బజారులో దొరికే ప్లాస్టిక్ మ్యాట్లు తెచ్చాం. కంచం అడుగున చుక్క తడి ఉన్నా దాని మీద సబ్బులా జారింది. సరే, ఇంట్లో అత్తమ్మ తొక్కిన ఉషా మిషను ఉంది, జాకెట్లు కుట్టుకున్న చేతులు ఉన్నాయి, రెండు గుడ్డల మధ్య మెత్త పెట్టి కుట్టడం ఎంత పని అనుకున్నాం. గుడ్డ కొలవడం, కోయడం, కుట్టడం ఒక మధ్యాహ్నం పని. లోపల ఏం పెట్టాలన్నది తేలడానికే మూడు నెలలు పట్టింది.

మొదట బెంగళూరు చిక్‌పేట నుంచి పాలిస్టరు మెత్త తెప్పించాం. బొంతల్లో, చలి కోట్లలో వేసేది, తెల్లగా మబ్బులా ఉంటుంది. దాన్ని జీఎస్ఎం లెక్కన అమ్ముతారు, అంటే చదరపు మీటరు ఎన్ని గ్రాములు తూగుతుందని. మందంగా ఉంటే మంచిదనుకుని 200 తీసుకున్నాం. అదే తప్పు. కుట్టాక మ్యాటు చిన్న దిండులా ఉబ్బింది. చూడ్డానికి ఎంత బాగుందో! దాని మీద పెట్టిన మజ్జిగ గ్లాసు మామ మోచెయ్యి తగలకుండానే ఒరిగి ఆయన పంచె మీద పడింది. ఆయన ఏమీ అనలేదు, లేచి వెళ్ళిపోయారు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పైగా ఇస్త్రీ పెట్టె కాస్త ఎక్కువ వేడితో తగిలేసరికి ఒక మ్యాటు లోపలి మెత్త అణిగి అట్టలా గట్టిపడింది. పాలిస్టరు వేడికి కరిగే సరుకు. గోడకి వేలాడదీసే వాటికి, పిల్లల పరుపులకి బాగుంటుందేమో, పొగలు కక్కే కంచం కిందికి మాత్రం వద్దు.

తరవాత స్పంజి షీటు. దీని గురించి ఎక్కువ చెప్పం. నీళ్ళు తాగి రెండు రోజులైనా ఆరదు.

ఇంట్లో పాత బూరుగు దూది దిండు ఉంది కదా అని అది విప్పాం. బూరుగు దూది సంగతి తెలుసా, దాని పోగు లోపల బోలుగా, పైన మైనం పూసినట్టు ఉంటుంది, అందుకే నీళ్ళు అంటవు. ఒకప్పుడు ఓడల్లో నీళ్ళలో తేలడానికి వేసుకునే కోట్లలో కూడా ఇదే నింపేవాళ్ళు. నీళ్ళు అంటని దూది అంటే ఉతకడానికి భేషుగ్గా ఉంటుందని సంబరపడ్డాం. కానీ ఆ నున్నదనం వల్లే పోగుకి పోగు పట్టుకోదు. రెండు ఉతుకులకి దూదంతా ఒక మూలకి చేరి ఉండ కట్టింది. మిగతా మ్యాటు ఖాళీ సంచి. పక్కింటి వదిన చూసి "ఇది మ్యాటా, గింజలు పోసిన మూటా" అంది.

మన కోలారు వైపు ఉండి పట్టు గురించి ఆలోచించకుండా ఎలా ఉంటాం. మా పుట్టింటివాళ్ళు మల్బరీ పెట్టి పురుగులు మేపేవాళ్ళు. రెండు పురుగులు కలిసి కట్టిన జంట గూళ్ళు, మరకలు పడ్డ గూళ్ళు పక్కన పడేస్తారు, అవి ఒక సంచి తెచ్చుకున్నాం. గూటిలో పోగుల్ని అతికించి ఉంచే జిగురు పోవాలంటే సబ్బు నీళ్ళలో సోడా వేసి ఉడకబెట్టాలి. ఉడకబెట్టాం. లోపలి పురుగుతో సహా ఉడికిన ఆ వాసన గురించి మా ఇంటి మగవాళ్ళని అడగండి, ఇప్పటికీ చెబుతారు. వచ్చిన పట్టు దూది మాత్రం చేతిలో వెన్నలా ఉంది. దాన్ని కంచం కింద పెట్టి రోజూ సబ్బుతో బాదడం పాపం అనిపించి మానేశాం. ఆ పట్టంతా ఇంకా డబ్బాలోనే ఉంది. ఎవరికైనా పసిబిడ్డ దుప్పట్లోకి కావాలంటే ఇస్తాం.

కంబళి ముక్క విషయం వేరు, అది కాస్త చెప్పుకోవాలి. మామ కట్టె పెట్టెలో చివికిన గొర్రె ఉన్ని కంబళి ఒకటి ఉంది. ఉన్ని వేడిని ఆపినట్టు ఇంకేదీ ఆపదు, నిప్పు కూడా త్వరగా అంటుకోదు. ఒక పొర పెట్టి కుట్టి, సంగటి తపేలాని పొయ్యి మీది నుంచి దించి నేరుగా దాని మీద పెట్టి, పది నిమిషాల తరవాత కింద చెయ్యి పెట్టి చూశాం. టేబులు గోరువెచ్చగా మాత్రం ఉంది. గెలిచాం అనుకున్నాం. మర్నాడు వేడి నీళ్ళలో ఉతికి పిండి ఆరేస్తే, సాయంత్రానికి కాల్చిన అప్పళంలా వంకర తిరిగి బిగుసుకుపోయింది. ఉన్ని పోగులకి పొలుసులుంటాయి. వేడి నీళ్ళు, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే ఒకదానికొకటి పట్టుకుని కుంచించుకుపోతాయి. కాబట్టి కంబళిని తపేలా కింద పెట్టే చిన్న చదరాలకి వాడుకున్నాం, వాటిని ఎప్పుడో ఒకసారి చన్నీళ్ళలో జాడిస్తే చాలు. అవి నాలుగున్నాయి, ఇప్పటికీ బాగున్నాయి.

పాత టర్కీ టవలు కూడా పెట్టి చూశాం. కంచం నిలిచింది, గ్లాసు నిలిచింది. వానాకాలంలో ఆరక ముక్క వాసన వచ్చింది. వేసవిలో అయితే టవలు పరవాలేదు, మీ ఇంట్లో ఉంటే వాడండి.

అప్పటికి మామ తినేది సగానికి వచ్చింది. ఒక రాత్రి ఆయన నిద్రపోయాక దుప్పటి సర్దుతుంటే చేతికి తగిలింది ఆయన కప్పుకున్న బొంత. అత్తమ్మ కుట్టినది. ఎన్నేళ్ళదో. నాలుగైదు పొరల పాత నూలు చీరలు, దగ్గర దగ్గరగా పరుగు కుట్టు. వందల సార్లు ఉతికారు, లోపల ఒక్క ఉండ లేదు, ఎక్కడా జారలేదు, పలచగా గట్టిగా ఉంది. మూడు నెలలు ఊరంతా వెతికాం, వస్తువు మా ఇంటి మంచం మీదే ఉంది.

ఇక్కడ ఒక మాట. మన ఊరి పేరు చెబితే బయటివాళ్ళకి 1983 జ్ఞానపీఠం అందుకున్న మాస్తి వెంకటేశ అయ్యంగార్ గారే గుర్తొస్తారు. ఇంట్లో తమిళం, రాసింది కన్నడం. మనమూ అంతే కదా, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మనం బొంత అంటే ఎదురింటివాళ్ళు కౌది అంటారు, వస్తువు ఒకటే. ఉత్తర కన్నడ జిల్లా యల్లాపుర, హళియాళ వైపు సిద్ధి ఆడవాళ్ళు కుట్టే బొంతలు ఫోనులో చూశాం. వాళ్ళు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి చేరతారట, మూలల్లో పువ్వులని చిన్న గుడ్డ మడతలు పెట్టి ముగిస్తారు. అత్తమ్మ అలా కాదు, నిలువు గీతలు. ఎవరి చెయ్యి వాళ్ళది.

సరే, నూలు చీర పొరలే పెట్టాలని తేలింది. చీరలు అత్తమ్మ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. మూడేళ్ళుగా తియ్యలేదు. తెరిచాం. నాఫ్తలిన్ ఉండల వాసన, దాని కింద ఆమె వాసన. పంతొమ్మిది చీరలు. మాలో పెద్దామె కత్తెర ముట్టనంది. "ఆయమ్మ కట్టిన గుడ్డని సంగటి కంచం కిందేస్తామా" అంది. చిన్నామె మాట వేరు, "పెట్టెలో పురుగు కొట్టేదానికంటే నయం కదా" అని. వారం రోజులు పెట్టె నడవాలోనే ఉంది, ఇద్దరం దాన్ని తప్పించుకుని నడిచాం. నిజం చెప్పాలంటే మాటలు కూడా తగ్గాయి.

చివరికి లెక్క మమ్మల్ని కలిపింది. ముందు ఏ చీర నూలో చూడాలి కదా. అంచు దగ్గర ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చాం. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళతో రాస్తే పొడి అవుతుంది. పాలిస్టరైతే ముడుచుకుపోయి నల్లటి గట్టి పూస మిగులుతుంది. అత్తమ్మ చివరి పదేళ్ళు కట్టినవన్నీ ఉతుక్కోవడం సులువని కొన్న పాలిస్టరే. పంతొమ్మిదిలో నూలువి నాలుగు. మ్యాటు కుట్టాక 18 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు రావాలి. చీర ఐదున్నర మీటర్లు, అంటే 216 అంగుళాలు. పొడవున 12 ముక్కలు, 45 అంగుళాల పన్నాలో 3 వరసలు. మొత్తం 36 ముక్కలు. చిరుగులు, చీకిపోయిన చోట్లు వదిలేస్తే 28 దక్కుతాయి. మ్యాటుకి నాలుగు పొరలు చొప్పున 7 మ్యాట్లు. మామకి మూడు పూటలా మార్చినా మూడు చాలు. అంటే ఒక్క చీర కోస్తే చాలు. మిగిలిన పద్దెనిమిదీ పెట్టెలోకే. బూడిద రంగు మీద సన్న మెరూను గళ్ళది, అన్నిటికంటే చివికినది, తీసుకున్నాం. మొదటి కోత పెద్దామే కోసింది.

పై గుడ్డకి లుంగీ గుడ్డ వాడాం. నవ్వకండి. ముదురు రంగు కాబట్టి పసుపు మరక కనబడదు. గళ్ళు ఉంటాయి కాబట్టి సుద్దతో గీతలు గీయకుండా వాటి వెంబడే మిషను తొక్కొచ్చు. ఇంకొకటి మేము ముందు అనుకోనిది: మామ కంట్లో పొర ఉంది, ముదురు గుడ్డ మీద స్టీలు కంచం అంచు ఆయనకి బాగా కనబడుతోంది. అడుగున ముతక కోరా గుడ్డ. కొత్త గుడ్డలు రెండింటినీ ఒక రాత్రి నానబెట్టి, ఉతికి, ఆరేసి ఆ తరవాతే కోయండి. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుంటుంది. మా మొదటి మ్యాటుకి ఈ పని చెయ్యలేదు, చీర పొరలు ఎప్పుడో కుంచించుకుని ఊరుకున్నవి, పై గుడ్డ ఇప్పుడు కుంచించుకుంది, మ్యాటు దోనెలా లేచింది.

పై గుడ్డ, అడుగు గుడ్డ 19కి 14 అంగుళాలు కోయాలి, చుట్టూ అర అంగుళం కుట్టులోకి పోతుంది. చీర పొరలు నాలుగూ కుట్టులో పడకుండా 18కి 13 కంటే నూలుపోగంత తక్కువగానే కోసి, ముందు కోరా గుడ్డ తప్పువైపున పరిచి చేత్తో పెద్ద పెద్ద కుట్లు వేసి నిలబెట్టాలి. తరవాత మంచివైపులు ఎదురెదురుగా పెట్టి చుట్టూ కుట్టి, ఒక పక్క నాలుగు అంగుళాలు వదలాలి. మూలలు కత్తిరించి, వదిలిన సందులోంచి తిప్పి, ఇస్త్రీ చేసి, సందు మూసెయ్యాలి. ఇక బొంత కుట్టు. అంగుళంన్నరకి ఒక గీత. మిషను మీద నడిమి గీత ముందు కుట్టి అటూ ఇటూ పోవాలి, అంచు నుంచి మొదలుపెడితే గుడ్డ తోసుకొచ్చి చివర మడత పడుతుంది. 14 నంబరు సూది రెండు విరిగాక 16 వేశాం, కుట్టు కాస్త పొడవు చేశాం. అడుగున నాలుగు మూలలా పాత స్కూటరు ట్యూబులోంచి కోసిన రబ్బరు బిళ్ళలు చేత్తో కుట్టాం. చాలా గట్టి పని, వేళ్ళకి తొడుగు లేకుండా చెయ్యకండి. ఇస్త్రీ మాత్రం ఆ తరవాత పైవైపే, మూలలు వదిలి.

ఆ రాత్రి మ్యాటు వేసి, కంచం పెట్టి, ముద్ద వేసి, బస్సారు పోసి మేము వంటింట్లోకి వెళ్ళిపోయాం. నిలబడి చూస్తే ఆయనకి నచ్చదు. తలుపు సందులోంచి చూశాం. ఎడమ చెయ్యి అలవాటుగా కంచం దాకా వచ్చింది, ఆగింది, తొడ మీదకి పోయింది. ముద్ద మొత్తం తిన్నారు. రెండోసారి సారు అడిగారు.

లోపల ఏముందో ఆయనకి చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు. నాలుగు నెలలయ్యాక ఒక మ్యాటు మూల కుట్టు విడిపోయింది. మామ తినడం అయ్యాక దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, వేలితో ఆ సందు వెడల్పు చేసి చూస్తున్నారు. మెరూను గళ్ళు బయటికి కనబడుతున్నాయి. మేమిద్దరం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాం.

"ఇది మాలూరు సంతలో తీసినాను. బట్టీ కూలి ఇచ్చిన దినం" అన్నారు. కాసేపాగి, "రంగు బాగలేదనింది ఆయమ్మ. అయినా ఎన్నేండ్లు కట్టింది చూడు" అన్నారు. మ్యాటు మా చేతికిచ్చి, "కుట్టెయ్యండమ్మా, పోగులు పోతాయి" అని చెయ్యి కడుక్కోడానికి లేచారు.

మూలల్లో రెండుసార్లు వెనక్కి ముందుకి కుట్టి ఉంటే విడిపోయేది కాదు. మీరు కుట్టేటప్పుడు అది మరవకండి. కాగితం కొలత కావలసినవాళ్ళు ఏ ఆదివారమైనా మధ్యాహ్నం మూడు తరవాత మా ఇంటికి రండి, మిషను ఖాళీగానే ఉంటుంది. గుడ్డ ముందే ఉతికి తెచ్చుకోండి. లోపలికి మీ ఇంటి చీరే తెచ్చుకోండి, తెచ్చేముందు అంచున ఒక పోగు కాల్చి చూడండి. పూస కడితే పెట్టెలోనే ఉంచండి.